ఛాయాచిత్రాల కొత్త ఫైలు రూపాలు: జేపెగ్‌ను వదలవచ్చునా?

పాడేరు : వంజంగి కొండపై నుండి వేకువజామున తీసిన మేఘాల చిత్రం కెమెరాలో నునుపుగా కనిపించి, పత్రికా కార్యాలయానికి చేరేసరికి మంచు తెర స్థానంలో బూడిదరంగు చారలు, చదరపు గడులు తేలడం ఏజెన్సీ ప్రాంత విలేకరులకు కొత్త విషయం కాదు. లోపం కెమెరాది కాదు, ఛాయాగ్రాహకునిదీ కాదు. చిత్రం ఫైలును చిన్నది చేసే క్రమంలో, అనగా కుదింపులో, జరిగిన నష్టమది. మూడు దశాబ్దాలకు పైగా ఈ పనికి వాడుకలో ఉన్న జేపెగ్‌కు బదులుగా వెబ్‌పీ, ఏవీఐఎఫ్, జేపెగ్ ఎక్స్‌ఎల్ అనే కొత్త రూపాలు వచ్చాయి. వీటిలో దేనికి మారాలి, అసలు మారవలసిన అవసరం ఉన్నదా అన్న ప్రశ్న ప్రభుత్వ కార్యాలయాలకు, పత్రికలకు సమానంగా ఎదురవుతున్నది.

ఒకప్పుడు మన్యం నుండి ఫిల్ము చుట్టను కవరులో పెట్టి ఆర్టీసీ బస్సులో విశాఖపట్నం పంపేవారు. బస్సు ఘాట్ రోడ్డు దిగితేనే మరునాటి పత్రికలో బొమ్మ. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన తరువాత ఇక్కడి కార్యక్రమాల చిత్రాలు ఇక్కడి నుండే వెలువడుతున్నాయి. అయితే కొండల నడుమ సెల్ సంకేతం అన్నిచోట్లా ఒకే తీరుగా అందదు. కనుక ఫైలు పరిమాణం ఇక్కడ సాంకేతిక నిపుణుల చర్చకే పరిమితమైన విషయం కాదు.

జేపెగ్ ప్రమాణం 1992లో ఖరారైంది. చిత్రాన్ని అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలున్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వెలుగునీడల మార్పులను సంఖ్యలుగా లెక్కగట్టి, కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మ వివరాలను వదిలివేయడం దీని పద్ధతి. దీనికి మూలమైన గణిత పద్ధతిని 1974లో నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు ప్రకటించారు. ముగ్గురూ భారతీయ మూలాలవారే. వీరిలో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ఆచార్యులుగా పనిచేసిన రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ పేరు చదివిన తెలుగువారు ఒక్క క్షణం ఆగక మానరు.

కుదింపు మితంగా ఉన్నంతవరకు గడుల జాడ తెలియదు. మితిమీరితే ముందుగా దెబ్బతినేది మంచు, ఆకాశం, మేఘం వంటి నునుపైన భాగాలే. లంబసింగి, వంజంగి చిత్రాలు అందుకే త్వరగా పాడవుతాయి. రెండవ దెబ్బ రంగుల అంచులకు తగులుతుంది. వెలుగు కంటే రంగును తక్కువ వివరంతో భద్రపరచడం జేపెగ్‌లో సాధారణంగా పాటించే పద్ధతి. థింసా నృత్యంలో వరుసగా నిలిచిన స్త్రీల చీరల అంచుల వద్ద ఒక రంగు మరొక రంగులోకి చెదరినట్లు కనబడడానికి కారణమిదే.

కొత్త రూపాల మంచిచెడ్డలు

గూగుల్ సంస్థ 2010లో విడుదల చేసిన వెబ్‌పీ, అదే నాణ్యత గల జేపెగ్ కంటే 25 నుండి 34 శాతం చిన్నదిగా ఉంటుందని ఆ సంస్థ అధ్యయనమే పేర్కొన్నది. తయారీదారు లెక్కను తయారీదారు లెక్కగానే చూడాలి. పైగా వివరాలు కొంత వదిలివేసే వెబ్‌పీలో రంగు వివరం ఎల్లప్పుడూ తగ్గించబడే ఉంటుంది, ఛాయల లోతు 8 బిట్లు దాటదు. అనగా మంచు చిత్రపు చారలకు ఇది పూర్తి పరిష్కారం కాదు. 2019లో వచ్చిన ఏవీఐఎఫ్ 10, 12 బిట్ల ఛాయలను కూడా భద్రపరచగలదు, చాలా చిన్న పరిమాణంలో సైతం గడులు కనిపించనీయదు. కాని అధికంగా కుదించినప్పుడు చర్మపు ముడతలు, నేత పోగులు, కాఫీ పండ్ల మీది తడి వంటి వివరాలను తుడిచివేసి, అంతా మైనపు బొమ్మలా చేస్తుంది. పాత కంప్యూటరుపై దీని తయారీ నిదానంగా సాగుతుంది.

జేపెగ్ ఎక్స్‌ఎల్ ప్రత్యేకత వేరు. పాత జేపెగ్ ఫైలును ఒక్క చుక్క కూడా మారకుండా సుమారు 20 శాతం చిన్నది చేసి, కావలసినప్పుడు అదే పాత ఫైలును యథాతథంగా తిరిగి ఇవ్వగలదు. వేలాది పాత చిత్రాలున్న కార్యాలయానికి ఇంతకంటే ఆకర్షణీయమైన వాగ్దానం లేదు. అయినప్పటికీ 2023లో క్రోమ్ బ్రౌజరు దీనికి ఇస్తున్న ప్రయోగాత్మక మద్దతును తొలగించింది, అదే ఏడాది ఆపిల్ సంస్థ సఫారీలో చేర్చింది. 2025 చివరిలో క్రోమ్ వర్గాలు పునరాలోచన తెలిపాయి. గుణం ఒక్కటే ఒక రూపాన్ని నిలబెట్టదనడానికి ముందే ఒక ఉదాహరణ ఉంది. 2000లో వచ్చిన జేపెగ్ 2000 పాతదానికంటే మెరుగైనదే. అయినా సాధారణ వాడుకలోకి రాలేదు. అది నిలిచినది డిజిటల్ సినిమాలో, ఆధార్ క్యూఆర్ కోడ్‌లోని చిన్న ముఖచిత్రం వంటి నిర్దిష్టమైన పనులలో.

పరిమాణమా, కొలతలా?

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. 12 మెగాపిక్సెళ్ళ చిత్రం జేపెగ్‌లో 4 మెగాబైట్లు ఉన్నదనుకుందాం. సెకనుకు 256 కిలోబిట్లు మాత్రమే అందే చోట దానిని పంపడానికి 125 సెకన్లు పడుతుంది. కొత్త రూపంతో 30 శాతం ఆదా అయితే 88 సెకన్లు. రూపం మార్చకుండానే చిత్రం కొలతలను 4000×3000 నుండి 1600×1200కు తగ్గిస్తే చుక్కల సంఖ్య ఆరవ వంతు కంటే తక్కువకు దిగుతుంది, పంపే సమయం కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. వార్తాపత్రికలో అంగుళానికి 200 చుక్కల చొప్పున వేసినా 1600 చుక్కలు 8 అంగుళాల వెడల్పుకు సరిపోతాయి. రూపం మార్చడం గురించి జరిగే చర్చలో ఈ సులభమైన మార్గం తరచుగా మరుగున పడుతున్నది.

పంపిన చిత్రం అవతలివారి వద్ద తెరుచుకోవడం అంతకంటే ముఖ్యం. 2017 నుండి ఐఫోన్లు హెచ్‌ఈఐసీ రూపంలో చిత్రాలను తీస్తున్నాయి. వాటిని అలాగే పంపితే, అందుకు తగిన సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటరుపై అవి తెరుచుకోవు. ఫోటోషాప్ సైతం వెబ్‌పీని నేరుగా తెరవడం 2022లో గాని మొదలు కాలేదు. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ వాడుతున్న చిన్న పత్రికల సంగతి చెప్పనవసరం లేదు. రాత్రి ఎడిషన్ వేళ రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన చిత్రం అచ్చవుతుంది, తెరుచుకోని చిత్రం అచ్చు కాదు. కనుక పత్రికలకు పంపే చిత్రానికి తగిన కొలతలు గల, మితంగా కుదించిన జేపెగ్‌యే నేటికీ సురక్షితం. వెబ్‌సైటులో ఉంచే ప్రతిని మాత్రం వెబ్‌పీ లేదా ఏవీఐఎఫ్‌లో ఇవ్వడం ప్రయోజనకరం. నేటి ప్రధాన బ్రౌజర్లన్నీ వీటిని చూపుతాయి, కొండ గ్రామంలో సెల్‌ఫోనుపై చూసేవారికి డేటా ఖర్చు తగ్గుతుంది.

భద్రపరచే ప్రతి విషయంలో ఆదాను లెక్కలోకి తీసుకోరాదు. జేపెగ్‌ను వెబ్‌పీగా, దానిని మళ్ళీ జేపెగ్‌గా మార్చిన ప్రతిసారీ కొంత వివరం శాశ్వతంగా పోతుంది. మోదకొండమ్మ జాతర చిత్రాలను స్థలాభావం పేరిట కొత్త రూపంలోకి మార్చి మూలప్రతులను తొలగిస్తే, పదేళ్ళ తరువాత మరింత మంచి రూపం వచ్చినా చేయగలిగినదేమీ ఉండదు. వాట్సాప్‌లో సాధారణ పద్ధతిలో పంపిన చిత్రం కూడా మూలప్రతి కాదు. అది మళ్ళీ కుదించబడుతుంది, తీసిన తేదీ, స్థలం వంటి వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఈ నష్టం ఉండదు.

పట్టాలు, దస్తావేజుల స్కానింగ్ విషయంలో జాగ్రత్త మరింత అవసరం. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్, కొన్ని జిరాక్స్ స్కానర్లు ప్రతులలో అంకెలనే మార్చివేస్తున్నాయని బయటపెట్టారు. 6 ఉన్నచోట 8 కనిపించింది. జేబిగ్2 అనే కుదింపు పద్ధతి, చూపుకు ఒకేలా ఉన్న గుర్తులను ఒకటే గుర్తుగా భావించి ఒకదాని స్థానంలో మరొకటి ఉంచడం ఇందుకు కారణం. అక్షరం మసకబారలేదు, స్పష్టంగా తప్పుగా వచ్చింది. అందుకే దానిని ఎవరూ అనుమానించలేదు. 2015లో జర్మనీ, స్విట్జర్లాండ్ నియంత్రణ సంస్థలు భద్రపరచే దస్తావేజులకు ఈ పద్ధతిని అనుమతించరాదని నిర్ణయించాయి.

అటవీ హక్కుల చట్టం, 2006 కింద ఇచ్చే హక్కు పత్రంలో భార్యాభర్తల పేర్లు, భూమి విస్తీర్ణం, హద్దులు ఉంటాయి. ఎకరా 60 సెంట్లు ఎకరా 80 సెంట్లుగా మారినా, పేరులో ఒక ఒత్తు చెరిగినా ఆ వ్యత్యాసాన్ని నిరూపించుకోవలసిన భారం పోడు సాగుచేసే గిరిజన కుటుంబంపైనే పడుతుంది. కనుక ఇటువంటి పత్రాలను ఏ వివరమూ వదలని టిఫ్ లేదా పీఎన్‌జీ రూపంలో స్కాన్ చేసి, స్కాన్ చేసిన సిబ్బందే విస్తీర్ణం, సర్వే నంబరు అంకెలను మూల పత్రంతో సరిచూసిన తరువాతనే కాగితాన్ని బీరువాకు పంపాలి.