డ్రాగన్ ఫ్రూట్‌కు నైట్ షిఫ్ట్

అనంతపురం రైతుకు చెట్టును ఏమార్చడం కొత్తేం కాదు. చీనీ తోటకు కొన్నాళ్లు నీళ్లాపి, బెట్టకు పెట్టి, మళ్లీ తడి ఇస్తే పూత విరగబూస్తుంది. ఇప్పుడు జిల్లాలో కొన్ని డ్రాగన్ ఫ్రూట్ తోటల్లో ఆ పని ఎల్‌ఈడీ బల్బులు చేస్తున్నాయి. రాత్రిపూట తోట చూడ్డానికి తిరునాళ్లలా ఉంటుంది. అసలు సంగతి మాత్రం కరెంటు లెక్కలో ఉంది.

డ్రాగన్ ఫ్రూట్ పగలు ఎక్కువగా ఉండే నెలల్లో పూసే కాక్టస్. మన దగ్గర కాపు దాదాపు జూన్ నుంచి నవంబరు దాకా. డిసెంబరులో అనంతపురంలో పగలు పదకొండుంబావు గంటలే కాబట్టి పూత ఆగిపోతుంది. నిజానికి మొక్క కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. కాండంలో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎర్రటి వెలుతురును పసిగడుతుంది. అర్ధరాత్రికి అటూఇటూ 4 గంటలు బల్బులు వెలిగిస్తే ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రులైపోతుంది. వియత్నాంలోని బిన్ తువాన్ రైతులు ఏళ్లుగా చేస్తున్నదిదే. బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులూ బల్బులు కడతారు, కాకపోతే వాళ్లు పూతను ఆపడానికి!

ఎకరాకు 9 వాట్ల బల్బులు 500 అనుకుందాం. లోడు నాలుగున్నర కిలోవాట్లు, రాత్రికి 18 యూనిట్లు, నెలకు 540. అదే పాత 60 వాట్ల బల్బులైతే నెలకు 3,600 యూనిట్లు. ఎల్‌ఈడీ రాకపోతే మన రైతు ఈ జోలికే వెళ్లేవాడు కాదేమో.

చిక్కు ఇంకోటుంది. ఉచిత కరెంటు పగలు 9 గంటలు, అదీ మోటార్లకు. బల్బులు వెలగాల్సింది రాత్రి. అంటే విడిగా మీటరు కనెక్షనో, జనరేటరో, సోలార్ బ్యాటరీనో కావాలి. ఎలక్ట్రికల్ చదివి ఊళ్లోనే ఉన్నవాళ్లూ, ఇది మీ సబ్జెక్టే. ఎంత మందం వైరు వేయాలి, చివరి వరసలో వోల్టేజీ ఎంత పడుతుంది, టైమరు ఎక్కడ పెట్టాలి, వాన తగిలితే షాక్ కొట్టకుండా ఏం చేయాలి... ఇవన్నీ లెక్కగట్టి ఇచ్చే మనిషి కావాలి. బల్బులమ్మే షాపువాడు ఇవి చెప్పడు.

వెలుతురు ఒక్కటే చాలదు కూడా. చలి ఎక్కువైతే పూత పలచబడుతుంది. పూత నుంచి కోతకు నెల పైనే పడుతుంది, ఆ రోజుల్లో బోరులో నీళ్లుండాలి. అందుకే ఎకరమంతా కాదు, ముందు రెండు వరసలకు బల్బులు కట్టి, పక్క రెండు వరసలు చీకట్లోనే వదిలి, పిందెలు లెక్కపెట్టమనండి.