అలకంటే ముందు చేరవలసిన వాక్యం

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా తీరం చెంత సముద్రగర్భం కంపించింది. తీవ్రత 9.1. కొద్దిసేపట్లోనే నికోబార్ దీవులపై రాకాసి అలలు విరుచుకుపడ్డాయి. ఇందిరా పాయింట్ సుమారు 4.25 మీటర్లు కుంగిపోయింది. అలలు మద్రాసు తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అయినా అక్కడివారికీ కబురు అందలేదు. హిందూ మహాసముద్రానికి అప్పటికి హెచ్చరిక వ్యవస్థే లేదు.

2007 అక్టోబరు 15న హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. భూకంపమాపకాలు చోటు, వేళ, తీవ్రత చెబుతాయి. సముద్రపు అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలు, రేవుల్లోని మాపకాలు నీటిమట్టం చెబుతాయి. ముందే గణించి ఉంచిన నమూనాలు ఏ తీరానికి ఎప్పుడు ఎంత అల రాగలదో అంచనా కడతాయి. ఇవన్నీ కలిసి ఒక్క సందేశం కావాలి.

పాఠాలను ఇలా కూర్చే పనిని నేడు కంప్యూటరు తెరపై బొమ్మగా గీయగల సాధనాలున్నాయి. ఒక పెట్టెలో ఊరిపేరు, మరొకదానిలో వేళ, ఇంకొకదానిలో హెచ్చరిక స్థాయి. ఒక్కొక్కదాని నుండి తీగవంటి గీత బయలుదేరి కూర్పు పెట్టెను చేరుతుంది. అక్కడ ముక్కలన్నీ వరుసగా అతుక్కొని వాక్యమై వెలువడతాయి.

పని తేలికే, పొరపాటూ తేలికే. నడుమ ఏ గుర్తు పెట్టాలో చెప్పకపోతే ఊరు, గంట, నిమిషం కలిసి ‘కార్ నికోబార్710’ అవుతుంది. రెండు తీగలు తారుమారైతే భూకంపవేళ అల వచ్చే వేళగా మారుతుంది. యంత్రం అభ్యంతరం చెప్పదు. దానికి రెండూ అక్షరాలే. ఒక పెట్టె ఖాళీగా ఉన్నా వాక్యం నిండుగానే కనబడవచ్చు. అందుకే ఖాళీని పసిగట్టి సందేశాన్ని ఆపే కాపలా పెట్టె అవసరం.

అయితే అన్ని ముక్కలూ చేరేదాకా ఆగడమూ ప్రమాదమే. అందుకే గంటలోపు అల చేరగల తీరాలకు భూకంప వివరాల ఆధారంగానే హెచ్చరిక ఇచ్చే పద్ధతి ఏర్పడింది. దూరతీరాలకు నీటిమట్టం సాక్ష్యం వచ్చాకే స్థాయి పెంచుతారు. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఈ జాగ్రత్త విలువ తెలిసింది. నేల పక్కకు జరిగిందే తప్ప పెద్దగా పైకి లేవలేదు. అలలు చిన్నవే వచ్చాయి.

నికోబార్ వాసికి మాత్రం అన్నిటికంటే ముందు అందేది కాళ్ల కింది కంపనమే. నేల గట్టిగా, చాలాసేపు ఊగితే ఏ వాక్యం కోసమూ ఎదురుచూడక మెరకకు చేరడమే క్షేమం.