వార్తల్లో పదం: టోటలైజేషన్ ఒప్పందం

ఉద్యోగకాలం రెండు దేశాల మధ్య చీలిపోయినవారి పింఛను హక్కును కాపాడేందుకు ప్రభుత్వాలు చేసుకునే ఒప్పందమిది. రెండుచోట్లా చందా కట్టిన కాలాన్ని కలిపి అర్హత చూస్తారు. ఏ దేశం వాటా పింఛను ఆ దేశమే ఇస్తుంది. జపాన్‌తో మన ఒప్పందం 2016 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. అక్కడ పింఛనుకు పదేళ్ల చందా ఉండాలి. టోక్యోలో నాలుగేళ్లు, హైదరాబాద్‌లో ఈపీఎఫ్ కడుతూ ఆరేళ్లు పనిచేసినవారికి ఈ కలిపే లెక్క అక్కరకొస్తుంది.

తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాతో మాత్రం ఒప్పందం లేదు. అక్కడ సోషల్ సెక్యూరిటీ కింద జీతంలో 6.2 శాతం కోస్తారు, యజమాని మరో 6.2 శాతం కడతాడు. పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి వచ్చేవి నాలుగే. హెచ్‌-1బీ మామూలు గడువు ఆరేళ్లు, అంటే 24 క్రెడిట్లు. అంతటితో ఇంటికొచ్చినవారికి పింఛనూ రాదు, కట్టిన సొమ్మూ తిరిగిరాదు. ఇది న్యాయం కాదు. ఒప్పందం కోసం భారత్ ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

బ్రిటన్‌తో 2025 వాణిజ్య ఒప్పందం వెంట కుదిరింది వేరు: అది తాత్కాలికంగా వెళ్లే ఉద్యోగులకు రెండు చందాల భారం తప్పిస్తుందేగానీ, పింఛను కాలాన్ని కలపదు.

అమెరికా నుంచి తిరిగి రావాలనుకునేవారు ముందుగా తమ సోషల్ సెక్యూరిటీ ఖాతాలో క్రెడిట్లెన్నో చూసుకోవాలి. 36 దాటి, ఇంకా 40కి చేరకపోతే మరికొన్నాళ్లు ఆగడం మంచిది. వైద్యానికి వేరే ఏర్పాటు తప్పనిసరి. వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా ఆ దేశం బయట వర్తించదు.