బిజినెస్ క్లాస్ అంటే మంచమా.. జారుడుబల్లా?

అమ్మ డాలస్‌లో దిగి ఫోన్ చేసింది. "ఎలా ఉందమ్మా బిజినెస్ క్లాసు?" అని ఉత్సాహంగా అడిగా. రెండు సెకన్లు ఆగింది. "బానే ఉందిరా.. కానీ రాత్రంతా కిందికి జారుతూనే ఉన్నా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఏడాది బోనస్ మొత్తం పెట్టి కొన్న టికెట్ అది!

అమ్మది తెనాలి. మోకాళ్లు అరిగాయని డాక్టర్ ఎప్పుడో చెప్పేశారు. అంతకుముందు ఒకసారి ఎకానమీలో వెళ్లినప్పుడు దిగేసరికి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదట. ఈసారి అక్క పురుడు. వెళ్లక తప్పదు. నేనేమో ఆఫీసు పని మీద, కంపెనీ డబ్బుతో బిజినెస్ క్లాస్‌లో కాళ్లు చాపుకుని తిరుగుతున్నా. అలా పడుకుని వెళ్లిన మొదటి రాత్రే అనుకున్నా.. ఇది నాకంటే అమ్మకి అవసరం అని.

టికెట్ కొన్నాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతైందిరా?". సగం రేటు చెప్పా. ఆ సగానికే "ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదరా" అంది.

ఇంతా చేసి నేను చేసిన తప్పేంటంటే.. ఎయిర్‌లైన్ పేరు చూసి కొన్నా, విమానం చూడలేదు. ఆ ఎయిర్‌లైన్ పేరు ఇక్కడ అనవసరం. పెద్ద పేరే. యాడ్‌లో చూపించిన సీటు వేరు, అమ్మకి వచ్చిన సీటు వేరు.

పేరు కాదు.. విమానం చూడండి

బిజినెస్ క్లాస్ సీట్లలో 'ఫ్లాట్' అనే మాట పెద్ద మాయ. 'ఫుల్లీ ఫ్లాట్' లేదా 'లై ఫ్లాట్' అంటే సీటు నేలకి సమాంతరంగా, అచ్చం మంచంలా పరుచుకుంటుంది. 'యాంగిల్డ్ ఫ్లాట్' అంటే సీటు తిన్నగానే సాగుతుంది కానీ తలవైపు ఎత్తుగా, కాళ్లవైపు పల్లంగా ఉంటుంది. కుర్రాళ్లకి పెద్దగా తెలియదు. అరవై దాటిన మనిషి పట్టు దుప్పటి కప్పుకుని పడుకుంటే మాత్రం అది జారుడుబల్లే. మా అమ్మకి తగిలింది అదే.

2000లోనే బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా పరుచుకునే మంచం తెచ్చింది. ఆ తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. కానీ ఒక విమానం ఇరవై ఏళ్లకు పైగా ఎగరగలదు. సీట్లు మార్చడం కోట్ల ఖర్చు. అందుకే ఒకే కంపెనీలో, ఒకే రేటుకి, ఒక విమానంలో తలుపున్న గది లాంటి సీటు, ఇంకో విమానంలో పాత సీటు ఉంటాయి.

1-2-1 లెక్క తెలుసుకోండి

సీట్ మ్యాప్ ఓపెన్ చేస్తే వరుసలో సీట్లు ఎలా ఉన్నాయో కనిపిస్తుంది. 1-2-1 అంటే కిటికీ దగ్గర ఒకటి, మధ్యలో రెండు, మళ్లీ కిటికీ దగ్గర ఒకటి. ఎవరైనా నేరుగా నడవాలోకి దిగొచ్చు. 2-2-2 అయితే కిటికీ సీటువాళ్లు రాత్రి బాత్రూంకి వెళ్లాలంటే పక్కవాళ్ల కాళ్లు దాటాలి. 2-3-2 అయితే బిజినెస్ క్లాస్‌లో కూడా మధ్య సీటు! రెండు వైపులా మనుషులే.

మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఈ అంకెలు మెనూలో ఉన్న ఐటమ్స్ కంటే ముఖ్యం. పక్కనున్న మనిషిని లేపడం ఇష్టంలేక మా అమ్మ నీళ్లు తాగడమే మానేసిందట.

ఎవరి సీటు ఎలా?

అమ్మ జారిన రాత్రి తర్వాత నేను ఈ సబ్జెక్టు మీద పరీక్షకి చదివినట్టు చదివా. మనవాళ్లు ఎక్కువగా అడిగే కంపెనీల సంగతి ఇదీ..

ఖతార్ ఎయిర్‌వేస్: 2017లో వచ్చిన క్యూసూట్ బిజినెస్ క్లాస్ లెక్కే మార్చేసింది. 1-2-1 వరుస, ప్రతి సీటుకీ జరిపే తలుపు. మధ్యలో కొన్ని సీట్లని కలిపితే డబుల్ బెడ్ అవుతుంది. నలుగురైతే ఎదురెదురుగా కూర్చుని భోంచేయొచ్చు. కొన్ని సీట్లు వెనక్కి తిరిగి ఉంటాయి, కళ్లు తిరిగేవాళ్లు చూసి ఎంచుకోవాలి. ఇంకో మాట.. క్యూసూట్ వాళ్ల అన్ని విమానాల్లో ఉండదు.

ఎమిరేట్స్: ఏ380లో పై అంతస్తు, 1-2-1, వెనకాల నిలబడి కబుర్లు చెప్పుకునే బార్. సరదా కావాలంటే ఇదే. మధ్య సీట్లు కొన్ని వరుసల్లో దగ్గరగా, కొన్ని వరుసల్లో దూరంగా ఉంటాయి. భార్యాభర్తలైతే మ్యాప్ చూసి దగ్గరవి పట్టుకోవాలి. వాళ్లదే పాత బోయింగ్ 777లో మాత్రం 2-3-2. వాటిని విడతలవారీగా మారుస్తున్నారు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్: దూర ప్రయాణాల ఏ350లో సీటు బాగా వెడల్పు. కానీ మంచం చేయాలంటే లేచి నిలబడి, సీటు వీపుని ముందుకు మడవాలి. క్రూ చేసిపెడతారు, కానీ మొహమాటపడే అమ్మలు అడగరు! కాళ్లు ఒక మూలకి పెట్టి కాస్త ఏటవాలుగా పడుకోవాలి.

బ్రిటిష్ ఎయిర్‌వేస్: పాత క్లబ్ వరల్డ్ సీట్లలో సగం మంది వెనక్కి తిరిగి కూర్చుంటారు, పక్కవాళ్ల కాళ్లు దాటే బాధా ఉంది. 2019 నుంచి వస్తున్న క్లబ్ సూట్‌లో అందరూ ముందుకే, పైగా తలుపు.

ఎయిరిండియా: 2024 జనవరిలో ఎగరడం మొదలైన ఏ350లో 28 బిజినెస్ సీట్లు, 1-2-1, తలుపులున్నాయి. ఇక్కడ కూడా ఏ350 వస్తుందా, పాత విమానం వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

విమానం మోడల్‌తో ఇంకో లాభం కూడా ఉంది. ఏ350, బోయింగ్ 787 లోపల గాలి ఒత్తిడి గరిష్ఠంగా 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. పాతవాటిలో ఇది 8,000 అడుగుల దాకా వెళ్తుంది. పదహారు గంటల ప్రయాణంలో ఆ తేడా దిగాక ఒంటికి తెలుస్తుంది.

తిండి దగ్గర మోసపోకండి

'హిందూ మీల్' అంటే శాకాహారం అనుకుని చాలామంది బుక్ చేసేస్తారు. కాదు! హెచ్ఎన్ఎంఎల్ కోడ్‌తో వచ్చే ఆ భోజనంలో బీఫ్ ఉండదు కానీ చికెనో, మటనో, చేపో రావచ్చు. మన పద్ధతి శాకాహారం కావాలంటే ఏవీఎంఎల్ అడగాలి. బిజినెస్ క్లాస్ అయినా ముందే చెప్పాలి.

సింగపూర్‌లో 'బుక్ ద కుక్' అని 24 గంటల ముందు దాకా నచ్చిన వంటకం ఎంచుకోవచ్చు. ఖతార్‌లో మీకు ఆకలేసినప్పుడే భోజనం, ట్రాలీ కోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. నా లెక్కలో మంచి సర్వీస్ అంటే ఇదే.. షాంపేన్ కాదు, మనిషిని నిద్రపోనివ్వడం.

అంత ఎత్తులో ఉప్పు, తీపి నాలుకకి తక్కువగా తెలుస్తాయి. పప్పు చప్పగా ఉందని వంటవాణ్ని తిట్టకండి.

జేబుకి తగ్గట్టు..

రేటు సాధారణంగా ఎకానమీకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అందుకే నేను నేర్చుకున్నవి కొన్ని:

– గూగుల్ ఫ్లైట్స్‌లో బిజినెస్ పెట్టి వెతికితే 'లై ఫ్లాట్', 'యాంగిల్డ్ ఫ్లాట్', 'ఇండివిడ్యువల్ సూట్' అని చాలా విమానాలకి చూపిస్తుంది. ఆ చిన్న అక్షరాలు చదవండి.

– మొదటి నాలుగు గంటలకి కాదు, రాత్రి పడుకునే పొడవాటి ప్రయాణానికి ఏ విమానమో చూడండి. ఆ ఒక్క ముక్కకే బిజినెస్ దొరికితే ఇంకా మంచిది.

– ఎకానమీ టికెట్ కొని అప్‌గ్రేడ్ కోసం బిడ్ వేసే వీలు చాలా కంపెనీలిస్తాయి. దొరికితే అదృష్టం. అమ్మానాన్నల కోసమైతే అదృష్టం మీద వదిలేయకండి.

– వీల్‌చైర్ సాయానికి బిజినెస్ టికెట్ అక్కర్లేదు. ఎకానమీలోనూ ఉచితమే. టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి.

– ప్రయాణానికి వారం ముందు మళ్లీ సీట్ మ్యాప్ చూడండి. విమానం మార్చేస్తుంటారు. మారితే ఆ రోజే ఫోన్ చేయండి.

– మంచం ఉంది కదా అని కదలకుండా ఉండొద్దు. రెండు మూడు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాల్సిందే.

తలుపు వేసుకోని సూట్

మూడేళ్ల తర్వాత మనవడి అక్షరాభ్యాసానికి అమ్మ మళ్లీ డాలస్ బయల్దేరింది. ఈసారి విమానం మోడల్, వరుస నంబర్, సీటు ముఖం ఎటుందో అన్నీ చూసి కొన్నా. 1-2-1, పూర్తిగా పరుచుకునే మంచం, తలుపు. శంషాబాద్‌లో దింపేటప్పుడు ఏ బటన్ నొక్కితే సీటు ఎలా అవుతుందో వీడియో చూపించి మరీ పంపా.

దిగాక ఫోన్ చేసింది. "తలుపు వేసుకున్నావా అమ్మా?" అని అడిగా. అందరూ ఎగబడి కొనేది ఆ తలుపు కోసమే కదా!

"ఆ పిల్ల వచ్చి వేయమంటారా అని అడిగిందిరా. వద్దమ్మా అన్నా. తలుపేసుకుంటే ఎవరు వస్తున్నారో పోతున్నారో ఎలా తెలుస్తుంది?" అంది.

అంటే ఏళ్ల తరబడి కంపెనీలు పోటీపడి కనిపెట్టిన తలుపు మా అమ్మకి అక్కర్లేదు. ఆవిడకి కావాల్సినవి రెండే. జారని మంచం, ఎవరినీ దాటకుండా దిగే దారి. ఈసారి నీళ్లు కూడా బాగా తాగిందట.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "అమ్మ ఇంటికి వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్లి గోంగూర పచ్చడి నూరుతోందిరా. కాళ్లు అస్సలు వాయలేదు" అంది.

వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఈసారి టికెట్ ఎంతైందో అడగవే వాణ్ని!"

ఈసారి కూడా సగమే చెప్పా.