పదివేల ఎంఏహెచ్ ఎక్కడికి పోతోంది?

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండాలి కదా? మా హాస్టల్లో ఎవరికీ నిండదు. ఒకటిన్నరసార్లకే ఖాళీ. అందరూ కంపెనీని తిడతారు. నేను మాత్రం లెక్కని తిడతాను.

ఎంఏహెచ్ అసలు శక్తికి కొలతే కాదు. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో చెప్పి, ట్యాంకు మేడ మీదుందా నేల మీదుందా చెప్పనట్టు. దాన్ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తేనే శక్తి వాట్-అవర్లలో వస్తుంది. పవర్ బ్యాంకు లోపలి సెల్ 3.7 వోల్టులు, అంటే 37 వాట్-అవర్లు. ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టులైతే ఒకసారికి 19.25, రెండుసార్లకు 38.5 కావాలి. కాగితం మీదే చాలలేదు! పైగా 3.7ని యూఎస్‌బీ కోసం 5 వోల్టులకు పెంచేటప్పుడు, ఫోన్ మళ్లీ దించుకునేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

ఒక వాట్-అవర్ 3,600 జౌళ్లు, వెయ్యి వాట్-అవర్లు కరెంటు బిల్లులో ఒక యూనిట్. తిండి లెక్కలో కిలోకేలరీ 4,184 జౌళ్లు. కాబట్టి పవర్ బ్యాంకు మొత్తం కలిపి దాదాపు 32 కిలోకేలరీలు. 450 అని రాసున్న బిస్కెట్ ప్యాకెట్‌లో పద్నాలుగు పవర్ బ్యాంకులున్నాయన్నమాట (పరీక్షల ముందు రాత్రి మనం రెండేసి లాగిస్తాం).

సెలవులకి విమానంలో వెళ్లేవాళ్లకి ఈ గుణకారం తప్పదు. అక్కడి పరిమితి వాట్-అవర్లలోనే ఉంటుంది. 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 27,000 ఎంఏహెచ్ అంటే 99.9, బొటాబొటిగా లోపలే. 30,000 కొనేముందు ఒకసారి 3.7తో గుణించుకోండి. ఎంత చిన్నదైనా చెక్-ఇన్ బ్యాగులో మాత్రం పెట్టకండి, చేతి బ్యాగులోనే ఉండాలి.