పొగ లేని బొగ్గు

మన గోదావరిఖని ఇళ్లలో బొగ్గు పొయ్యిని లోపల అంటించేవాళ్లు కాదు బిడ్డా. పాత ఇనుప బకెట్‌కు కింద కంత కోసి, మధ్యలో ఊచలు దూర్చి, లోపల మట్టి మెత్తితే పొయ్యి తయారు. అడుగున పుల్లలు, పైన నేలబొగ్గు పెళ్లలు పెట్టి వాకిట్లో రాజేస్తే పొగ గుప్పున లేచేది. పొగ తగ్గి పెళ్లలు ఎర్రబడ్డాకే వంటింట్లోకి తెచ్చేవాళ్లు. బడి ముఖం చూడని ఆడవాళ్లు చేసిన ఆ పనిలో మంచి రసాయనశాస్త్రం ఉంది.

పొగంటే ఏమిటనుకున్నావు? కాలాల్సిన ఇంధనమే, కాలకుండా పారిపోతోంది. కట్టెనైనా నేలబొగ్గునైనా వేడి చేస్తే ముందు తడి ఆరుతుంది, తర్వాత వాయువులు, తారు ఆవిర్లు వస్తాయి. తగినంత వేడీ గాలీ దొరికితే అవే మంట, దొరక్కపోతే పొగ. అవన్నీ పోగా మిగిలేది చాలావరకు కార్బన్. అది పొగ లేకుండా కణకణలాడుతుంది.

కట్టెబొగ్గు కాల్చేవాళ్ల విద్య కూడా ఇదే. సర్కారు తుమ్మ మొద్దులు పేర్చి, మట్టి కప్పి, చిన్న కంతలు వదిలి రోజుల తరబడి మగ్గబెడతారు. మట్టి బట్టీలో 100 కిలోల ఎండు కట్టెకు 20 కిలోల బొగ్గు వస్తే గొప్పే. కిలోకు కిలో చూస్తే బొగ్గు వేడి కట్టెకు దాదాపు రెట్టింపు. అయినా కట్టెలోని శక్తిలో సగానికి పైగా బట్టీ దగ్గరే పోతుంది. ఆఫ్రికాలో ఎన్నో పట్నాల వంట కోసం అడవులు ఇప్పటికీ ఇలాగే కరుగుతున్నాయి. కెన్యాలో 1980ల్లో కుంపటి లోపల కాల్చిన మట్టి అమర్చి ‘జికో’ పొయ్యి చేశారు. సెగ పక్కలకు పోక గిన్నెకే అందింది, బొగ్గు ఆదా అయింది. మన బకెట్‌లో మట్టి చేసే పనీ అదే.

నేలబొగ్గుకు ఇప్పటి చెట్టును నరకక్కర్లేదు. 1889లో ఇల్లందులో మొదలుపెట్టి సింగరేణి తవ్వుతున్నది 25 కోట్ల ఏళ్లకు పూర్వపు అడవిని. కాకపోతే దీనికి బూడిదా ఎక్కువే, పొగా ఎక్కువే. ఇప్పుడు ఐఐసీటీ అంటున్న హైదరాబాద్ ప్రాంతీయ పరిశోధనశాల ఆ పొగ సంగతి పట్టించుకుంది. నేలబొగ్గును గాలి తగలకుండా కాస్త తక్కువ వేడిలో మగ్గబెడితే తారు, వాయువు విడిగా చేతికొస్తాయి, పొగ రాని బొగ్గు మిగులుతుంది. ఆ పరిజ్ఞానంతో మంచిర్యాల పక్కన నస్పూర్‌లో ఫ్యాక్టరీ పెట్టి ‘కోల్సిన్’ అనే వంటబొగ్గు తీశారు. వాకిట్లో గాలిపాలయ్యే తారును అక్కడ ఒడిసిపట్టారు. శాస్త్రజ్ఞులు ఒక పేదింటి పొయ్యి కోసం అంత కష్టపడ్డారంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

కానీ పొగ పోయిందని తలుపు మూసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. కుంపటి అడుగున కార్బన్, ఆక్సిజన్ కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. అది పైకి పోతూ ఎర్రటి బొగ్గుల మధ్య దూరితే ఇంకో కార్బన్‌ను కలుపుకుని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. నిప్పుల మీద ఆడే నీలి మంట ఆ వాయువు కాలుతున్నదే. కాలకుండా తప్పించుకున్నది గదిలో చేరుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగైతే కళ్లు మండించి బయటికి తరిమేది. ఇది మత్తుగా నిద్రపుచ్చుతుంది.

బొగ్గుబాయిలో దిగేవాళ్లకు ఈ వాయువు తెలుసు. గాలి సోకిన బొగ్గు తనంతట తనే వేడెక్కుతుంది. లోపల ఎక్కడైనా రాజుకుంటుంటే ముందుగా పట్టిచ్చేది కార్బన్ మోనాక్సైడే, అందుకే దాన్ని కొలుస్తుంటారు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా కెనరీ పిట్టలను ఉంచుకున్నదీ దీని కోసమే. బాయిలో నాయిన కోసం కొలిచే వాయువును, ఇంట్లో చలి రాత్రి కుంపటి పక్కన పడుకున్న పిల్లల కోసం కొలిచేవాళ్లు లేరు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి, గ్యాస్ చాలా ఇళ్లకు చేరింది. అయినా చలి కాచుకోవడానికి, మక్క కంకులు కాల్చడానికి కుంపటి ఉండనే ఉంది. ఉండనీ. పడుకునే ముందు మాత్రం బయట పెట్టాలి. ఒకే గదిలో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారే తలనొప్పి, వాంతులు మొదలైతే తిండి పడలేదని అనుకోవద్దు. వెంటనే ఆరుబయటికి తెచ్చి, దవాఖానకు తీసుకుపోయి, గదిలో కుంపటి ఉండిందని డాక్టర్‌కు చెప్పాలి. ఎందుకంటే వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ ఈ వాయువును కూడా ఆక్సిజన్ లెక్కలోనే వేసుకుని, అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది.