చేతులు మారు చిత్రపు పుస్తకము

ఇంటికి ఉత్తరము వచ్చుటయే అపురూపమైన ఈ దినములలో, నెల కొకసారి తపాలావాని చేతినుండి బరువైన కట్ట నందుకొని, ఏ యూరి రంగులు బయల్పడునో యని ఆత్రముతో దారము విప్పు భాగ్యము మాకు లభించినది. ఆ ముచ్చటను, అందు మేము నేర్చుకొనిన సంగతులను మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మాది యాదగిరిగుట్ట. మావారు బడిపంతులు. మాకు బడిచదువు లేదు. తండ్రిగారి యొద్ద భారత భాగవతములు చదువుకొంటిమి. ముగ్గులు వేయుట తప్ప చిత్రకళ యెరుగము. అట్టి మమ్ము ఒక బంధువు ఏడుగురు స్త్రీల కూటమిలో చేర్చినది. పాలమూరు, గద్వాల, ఓరుగల్లు, రాజమహేంద్రవరము, చెన్నపట్టణము, షోలాపురము, మా గుట్ట: ఇవి మా యేడూళ్లు. ఒక్కొక్కరు ఒక వట్టి పుస్తకమును కొని, మొదట తన బొమ్మ వేసి, పట్టికలోని తరువాతి యామెకు పంపవలెను. ఆమె రెండు పుటలు నింపి, మరుసటి నెల మొదటి తేదీన ఇంకొకరికి పంపును. ఇట్లు ఏడు పుస్తకములు ఏడిండ్లు తిరిగి ఏడవ నెలలో స్వగృహములు చేరును. వట్టిగా వెడలిన పుస్తకము నిండుచూలాలి వలె తిరిగి వచ్చును.

ఇది మా కల్పన కాదు. అమెరికా దేశమున రే జాన్సను అను చిత్రకారుడు (1927–1995) తన స్నేహితులకు బొమ్మలను తపాలాలో పంపి, మరికొంత చేర్చి తిరిగి పంపుడని కోరుచుండెడివాడు. అనంతరము 2000 సంవత్సరమున శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఒకరు వేయి వట్టి పుస్తకములను లోకముమీదికి వదలిరి. అవి చేతినుండి చేతికి నలుబదికి పైగా దేశములు తిరిగినవి. వాని పుటలు కొన్ని 2007లో గ్రంథముగా నచ్చుపడినవి. అయితే ఆ వేయింటిలో నిండి తిరిగివచ్చినవి బహు కొద్ది. ముక్కు మొగము తెలియనివారి చేత పెట్టిన వస్తువున కది సహజము. మా కూటమిని ఏడుగురికే పరిమితము చేయుటకు కారణ మిదియే.

అయినను, పలువురు కలిసి ఒక పుస్తకమును నింపుట మనకు క్రొత్తయా? నన్నయగారు అరణ్యపర్వము నడుమ నిలిపిపోగా, తిక్కనగారు విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించిరి. నడుమ మిగిలిన కొరతను ఎఱ్ఱనగారు తీర్చి, తన పేరు చాటుకొనక, నన్నయగారి వలెనే రాజరాజనరేంద్రున కంకితముగా ముగించిరి. మాకు చేరువనున్న బమ్మెర పోతనగారి భాగవతమునందును గంగన, సింగన, నారయ గారల స్కంధములు కలవు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు ఒక్క అట్ట క్రింద కూడిరి. ఒకరు విడిచినచోట మరొకరు అందుకొనుట మన వాఙ్మయమునకు తల్లివేరు వంటిది.

మా పుస్తకములలో ఏ యూరి సొగసు ఆ యూరిదే. పాలమూరి సోదరి గునుగుపూలను, తంగేడుపూలను పాత పత్రికల నడుమ నొత్తి యెండించి బతుకమ్మగా నంటించినది. మేము పుట్టపాక తేలియా రుమాలు నమూనాను ఎఱుపు, నలుపు, తెలుపు గళ్లలో దింపితిమి. నేతగాండ్రు దారమును ముందుగనే ముళ్లు కట్టి అద్దుటచేత రంగుల అంచులు కొంచెము చెదరినట్లుండును. ఆ చెదురును కుంచెతో తెచ్చుటకు మాకు మూడు సాయంకాలములు పట్టినది. చేర్యాల నకాశీవారు బట్టకు చింతగింజల జిగురును, సుద్దను పూసి బొమ్మలు వేయుదురు. ఆ కిటుకును పుటలకు వాడి చూచితిమి. పలుచని కాగితము గట్టిపడి, రంగు వెనుకకు దిగలేదు.

ఇక అసలు సంగతి. మా పుస్తకమునందు మొదటి బొమ్మ మేము వేయలేదు. మా అత్తగారు పదునైదు చుక్కల మెలికముగ్గు ఒకటి వేసిరి. చూపు మందగించుటచే సగము వేసి, చేయి వణకి, ఆపివేసిరి. “దీనిని ఎవరును ముట్టరాదు, బాగుపడిన పిమ్మట నేనే ముగింతును” అని గట్టిగా చెప్పిరి. కూటమి నియమమో, ఎవరి పుటయందైనను ఎవరైనను చేర్చవచ్చునని. అత్తగారి మాట దాటుటయా, నియమము దాటుటయా? ఆ పుటకు ఒక చీటి యంటించి, “ఇది పెద్దవారి ముగ్గు, విడిచిపెట్టుడు” అని వ్రాసి పంపితిమి.

ఏడవ నెలలో పుస్తకము రాలేదు. షోలాపురము నుండి పంపితినని ఆ సోదరి చెప్పినది. నలుబది దినములు గడచెను. ఈ నడుమ అత్తగారికి కుడిచేయి పడిపోయెను. ఆ ముగ్గు ఇక వారు ముగింపలేరు. ఉన్న సగమైనను చేరునో లేదో యని మేము పడిన వేదన ఇంతింత కాదు. తుదకు ఒకనాడు కట్ట వచ్చినది. వానకు పైచిరునామా కరగిపోగా, ఎవరో పుణ్యాత్ములు విప్పి, లోపలి పుటలోని చిరునామా చూచి పంపిరట.

తెరచి చూచితిమి గదా, చీటి ఊడిపోయియున్నది, ముగ్గు పూర్తియైయున్నది! షోలాపురపు సోదరి మిగిలిన సగమును ఎఱ్ఱదారముతో గొలుసుకుట్టు కుట్టినది. చీటి ఎక్కడ రాలినదో ఆమె చూడనే లేదు. మాకు కోపమును, భయమును ఒక్కసారి కలిగినవి. అత్తగారికి చెప్పక దాచుదమా యనుకొంటిమి. మావారు “దాచిన రేపు తెలియును, అప్పు డింకను నొప్పి” యనిరి. పుటను వారి యొడిలో నుంచితిమి.

వారు ఎడమచేతి వ్రేలితో గీతను తడవుచు పోయిరి. సిరా గీత చేతికి తగులదు, దారము తగులును. దారము మొదలైనచోట వ్రేలు నిలిచినది. కడవరకు పోయి, మరల మొదటికి వచ్చి, “ఒక్క చుక్కయు తప్పలేదే! ఎవరి బిడ్డ?” అని యడిగిరి. నాటినుండి దినమునకొక మారు ఆ పుటను అడిగి తెప్పించుకొనుచున్నారు. ఆ సోదరికి మేము వ్రాయదలచిన నిష్ఠురపు జాబు వ్రాయలేదు. మా అత్తగారు చెప్పగా వ్రాసిన జాబు వేరొకటి పంపితిమి.

ఇట్టి కూటమి పెట్టుకొన దలచువారికి మా యనుభవము చెప్పెదము. ఏడెనిమిదిమందికి మించరాదు. పుస్తకము తేలికగా నుండవలెను. బరువు పెరిగినకొలది తపాలా ఖర్చు పెరుగును. అట్టలోపల చిరునామాను చెరగని సిరాతో తప్పక వ్రాయుడు. పైన మైనపు గుడ్డయో, పాలితీను సంచియో చుట్టుడు. తడిరంగులు ఆరక మూయరాదు. నడుమ పలుచని కాగితము పెట్టుడు. పంపుటకు ముందు ప్రతిపుటను చేతిఫోనులో ఛాయాచిత్రము తీసికొనుడు. రిజిస్టరు తపాలా 2025లో స్పీడుపోస్టులో కలిసిపోయినది గాన, అందు పంపి రసీదు భద్రపరచుడు. కట్ట యెచ్చట నున్నదో ఆ సంఖ్యతో తెలిసికొనవచ్చును. ఇతరులు తాకరాదను పుటను పుస్తకమున చేర్చకుడు; చీటి రాలిపోవును.

బొమ్మలు రావని వెనుదీయకుడు. ముగ్గు వేయు చేయి, పూలు కట్టు చేయి, కుట్టుపని యెరిగిన చేయి, అన్నియు ఇందుకు చాలును. రెండవ చుట్టు మాకు రాబోవు నెలలో ఆరంభమగును. ఈసారి అత్తగారు ఎడమచేతితో చుక్కలు మాత్రము పెట్టియున్నారు. గీతలు ఆరూళ్లవారికి విడిచినారు.